రెండు వేల మూడొందల ఫొటోల్లో పెళ్ళికూతురి తల్లి

ఉగాండాలోని మసాకాలో, న్యెండో వైపు వెళ్ళే రోడ్డు మలుపులో, టైర్ల కొట్టు పైన మా స్టూడియో. ఓనరు సెమ్వంగ ఫొటోలు తీస్తాడు. నేను డిగ్రీ చేసొచ్చి కంప్యూటర్లో ఆల్బమ్ పేజీలు కడతాను. మా ఇద్దరి మధ్యా నాకిబూలే అక్క కూర్చుంటుంది. ఆయన ఒక్కో పెళ్ళి నుంచి మోసుకొచ్చే రెండు మూడు వేల ఫొటోల్లోంచి నూట ఇరవై ఏరి నాకివ్వడం ఆవిడ పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఇన్నేళ్ళలో ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. ఎవరైనా కెమెరా చేతికిస్తే, పక్కింటి పసిబిడ్డని కాసేపు పట్టుకోమన్నట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, ఇచ్చినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళేదాకా.

రీళ్ళ కాలంలో మొదలెట్టింది. అప్పట్లో పెళ్ళికి మూడు రీళ్ళు, అంటే నూట ఎనిమిది ఫొటోలు. అందులో కళ్ళు మూసినవీ, తల తెగినవీ పక్కన పడేస్తే మధ్యాహ్నానికి పని అయిపోయేది. ఇప్పుడు ఒక్క కేకుకే నూట ఎనిమిది వస్తున్నాయి.

"కేకు కళ్ళు మూస్తుందని భయమా నీకు?" అని అడుగుతుంది సెమ్వంగని.

ఆయన జవాబు చెప్పడు. ఓనరు కదా.

ఆవిడ ఏరే పద్ధతి చెప్తా. ఫొటోని కింద నుంచి చూస్తుంది. ముందు పాదాలు, తరవాత చేతులు, చివర్లో మొహం. ఎందుకక్కా అంటే, "కెమెరా కనపడగానే మొహం అందరూ సర్దుకుంటారు, పాదాలు ఎవరూ సర్దుకోరు" అంది. తోడి పెళ్ళికొడుకు నవ్వుతూ ఉంటాడు, బూట్లు మాత్రం గేటు వైపు తిరిగుంటాయి. ఆ ఫొటో పోయింది. నోట్లో ముద్ద ఉంటే పోయింది. నోరు తెరిచి ఉంటే, పాట పాడుతున్నా సరే, పోయింది. ఒక్క ఎల్‌సీ ఛైర్మన్‌కి మాత్రం ఈ రూల్స్ వర్తించవు. ఊరి ఛైర్మన్ ఆల్బమ్‌లో కనీసం రెండు చోట్ల ఉండాలి, ఉడకేసిన అరిటికాయ మటోకే నములుతున్నా ఉండాలి. లేకపోతే ఆ ఊళ్ళో ఇంకో పెళ్ళి మాకు రాదు.

ఇంకోటి. ఆవిడ పెళ్ళిళ్ళకి వెళ్ళదు. పిలిచినా వెళ్ళదు. వెళ్తే ఎవరు మంచివాళ్ళో ఎవరు కాదో తెలిసిపోతుందట, ఆ తరవాత ఏరడం కుదరదట. మనుషులు ముందు ఫొటోలోనే కనపడాలి, అప్పుడే కన్ను సరిగ్గా పనిచేస్తుంది అంటుంది. చావులకి మాత్రం తప్పకుండా వెళ్తుంది. అక్కడ బాగున్నవి ఏరమని ఎవరూ అడగరు.

మొన్న ఏప్రిల్లో కలుంగు వైపు ఒక పెళ్ళి చేశాం. పెళ్ళికూతురు ఫ్లావియా, పెళ్ళికొడుకు లుబ్వామ. మగపెళ్ళివాళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడపెళ్ళివాళ్ళ ఇంటికొచ్చి తమని పరిచయం చేసుకునే రోజు ఒకటి, వారం తరవాత చర్చి. రెండు రోజులకీ కలిపి రెండు వేల మూడొందల నలభై ఆరు ఫొటోలు. అక్క తొమ్మిది రోజులు కూర్చుని నూట ఇరవై ఏరింది. నేను పేజీలు కట్టాను. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వచ్చి చూసుకుని చాలా బావుందన్నారు. కొత్త జంట ఆల్బమ్‌లో ఎవర్ని చూస్తారు? వాళ్ళని వాళ్ళు చూసుకున్నారు. బావున్నారు.

ఆ తరవాత ఫొటోల కింద పేర్లు పెట్టే పని. పెద్దవాళ్ళ ఫొటోల కింద ఎవరు ఏమవుతారో రాయడం మా స్టూడియో ప్రత్యేకత. ఒక ఫొటోలో పెళ్ళికూతురి పక్కన లావుపాటి ఆవిడ ఉంది. భుజాలు పైకి నిలబడ్డ ఊదారంగు గోమెసి, నడుముకి మెరిసే పట్టీ.

"ఈవిడెవరక్కా?"

"చూస్తే తెలీట్లా? అమ్మాయి పట్టీ సర్దుతోంది, అమ్మాయిని తిడుతోంది, అమ్మాయి కోసం ఏడుస్తోంది. తల్లి."

'పెళ్ళికూతురి తల్లి' అని కొట్టాను. ఒక కాపీ ముందుగా ప్రింట్ చేయించి, ఇంట్లో చూపించి తప్పులుంటే చెప్పమని ఫ్లావియా చేతికిచ్చాం.

మూడో రోజు పొద్దున, అంటే బుధవారం, ఒక సన్నటి ఆవిడ మెట్లెక్కి వచ్చింది. చంకలో మా ఆల్బమ్, గుడ్డలో చుట్టి. గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది. పొద్దున ఎలా లేచారు, బాగానే లేచాం, మీరెలా లేచారు, బాగానే, ఇంట్లో వాళ్ళు, బావున్నారు, ఊఁ, ఊఁ, పని ఎలా ఉంది, ఉంది, ఊఁ. నాలుగు నిమిషాలు పట్టింది. కోపంతో వచ్చినవాళ్ళు కూడా మా దగ్గర ఇది తగ్గించరు. కోపం ఎక్కువుంటే ఇంకాస్త నెమ్మదిగా చేస్తారు. ఆవిడ చాలా నెమ్మదిగా చేసింది.

"ఈ ఆల్బమ్ ఏరింది మీరేనా అమ్మా?"

"నేనే" అంది అక్క.

"చాలా బావుంది."

"ఊఁ."

"కేకు బాగా పడింది."

"ఊఁ."

"ఆవుని కూడా వేశారు."

"ఆవు కదలకుండా నించుంది."

"ఊఁ. నేను లేను."

అక్క ఆవిడ పాదాల నుంచి పైకి చూసుకుంటూ వచ్చింది. ఆ పాదాలు ఎక్కడా చూసినట్టు లేదు. "మీరెవరు?" అంది.

"పెళ్ళికూతురి తల్లిని. రెస్టితూతని." గుడ్డ విప్పి, తొమ్మిదో పేజీ తెరిచి మా ముందు పెట్టింది. "ఇక్కడ మా ఆడపడుచు లియోకేడియా నా కూతురికి తల్లి అయింది. నాకు తెలీదు. ఇరవై ఆరేళ్ళ కింద ఆస్పత్రిలో నేనే ఉన్నట్టు గుర్తు."

నేను కంప్యూటర్లోకి చాలా శ్రద్ధగా చూడ్డం మొదలెట్టాను. అందులో ఏమీ తెరిచి లేదు.

నాకిబూలే అక్క లేచింది. ఆవిడ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు, ఓనరు కూడా. ఆ కుర్చీ రెస్టితూతకి వేసి, తను స్టూలు మీద కూర్చుంది. "తప్పు నాది" అంది. ఇరవై రెండేళ్ళలో ఆ మాట వినడం అదే మొదటిసారని సెమ్వంగ తరవాత చెప్పాడు. ఆయన గొంతులో కాస్త సంతోషం ఉంది.

"పేరు మార్చేస్తాం అమ్మా" అన్నాను.

"పేరు మారిస్తే లియోకేడియా మేనత్త అవుతుంది, అంతే. నేను లేకపోవడం మారదు కదా" అంది రెస్టితూత. గొంతు పెంచలేదు. "ఆదివారం అల్లుడి ఇంట్లో విందు. రెండు వైపుల వాళ్ళూ వస్తారు. ఆల్బమ్ చేతులు మారుతుంది. ఆ తరవాత ఆ ఇంటికి ఎవరొచ్చినా టీ కాగేలోపు చూడమని చేతికిచ్చేది అదే. రేపు నా మనవలు చూస్తారు. అమ్మమ్మ ఏదీ అంటే? నేనెళ్ళి ఇదిగో నేను అని చెప్పడానికి లేదు. అల్లుడిల్లు. గడప తొక్కను. ఆ ఇంట్లో నేను ఉండగలిగిన చోటు ఈ పుస్తకం ఒక్కటే."

అప్పుడే సెమ్వంగ కెమెరా సంచీతో లోపలికొచ్చాడు. అక్క వెంటనే అడిగింది.

"ఏవయ్యా, ఈవిడ పెళ్ళికూతురి తల్లి. ఈవిడని ఎందుకు తియ్యలేదు?"

"నేను పెళ్ళికొడుకు వెంట ఉన్నా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. పెళ్ళికొడుకుని వదిలేస్తే పెళ్ళి తప్పిపోతుంది."

"నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెళ్ళికొడుకు లేని చోట ఉన్నా నాయనా" అంది రెస్టితూత.

లెక్క సరిపోయింది.

"మరి చర్చిలో?"

"చివరి వరసలో, స్తంభం వెనక. ముందు వరసలో అల్లుడున్నాడుగా."

మా దగ్గర అత్తా అల్లుడూ ఒకరికొకరు తగలకూడదు. దగ్గరగా కూర్చోకూడదు, ఒకే కంచంలోంచి తినకూడదు. తగిలితే ఒబుకో వస్తుంది, అంటే చేతులు వణికే రోగం. ఈ రోజుల్లో పట్నం వాళ్ళు ఇవేం పట్టించుకోవట్లేదు, అత్తగారి భుజం మీద చెయ్యేసి సెల్ఫీలు దిగుతున్నారు. రెస్టితూత పట్టించుకుంటుంది. వాళ్ళ నాన్న చివరి పదేళ్ళూ టీ కప్పు రెండు చేతులా పట్టుకున్నా ఒలికించేవాడట. ఒకసారి బస్సులో డ్రైవరు సడెన్‌గా బ్రేకు వేశాడట, ముందు సీట్లో ఆయన అత్తగారు ఉందట. ఆ ఇంట్లో ఇంకేం కారణం వెతకలేదు.

"ఇప్పుడే తీసేద్దాం అమ్మా" అన్నాడు సెమ్వంగ, హుషారుగా. "మీరు గోమెసి కట్టుకుని రండి, వెనక పూల పరదా వేస్తా, లైట్లు పెడతా, రాణిలా ఉంటారు."

"పెళ్ళయిపోయాక తీస్తే అది పెళ్ళి ఫొటో ఎలా అవుతుంది? పాస్‌పోర్ట్ ఫొటో అవుతుంది."

నేను ఉత్సాహం ఆపుకోలేక, ఆవిడని ఏదైనా గుంపు ఫొటోలో అతికించేస్తా, పది నిమిషాల పని అన్నాను.

నాకిబూలే అక్క నా వైపు తిరిగింది. "నీ డిగ్రీలో అబద్ధం ఎన్ని మార్కులకి?"

"అయినా అన్ని గుంపుల్లోనూ అల్లుడున్నాడమ్మా" అంది రెస్టితూత.

"ఆవు ఫొటోలో లేడు" అన్నాడు సెమ్వంగ. "ఆవు పక్కన పెడితే?"

రెస్టితూత నిజంగానే ఆలోచించింది. "వద్దులే నాయనా. ఆవుని తెచ్చింది వాళ్ళు. అది వాళ్ళ తరఫు."

దాంతో మొత్తం మళ్ళీ వెతకడమే మిగిలింది. అక్కా, రెస్టితూతా కంప్యూటర్ ముందు పక్కపక్కన కూర్చున్నారు. మొదటి ఫొటో నుంచి మొదలెట్టారు. రెస్టితూత తనని తాను గుర్తుపట్టడంలో చాలా చురుగ్గా ఉంది. అరిటితోట గట్టు మీద ఒక వీపు కనపడితే, "నేనే" అంది. టెంటు గుడ్డ కింద నుంచి ఒక మడమ. "నేనే, నీళ్ళు మోస్తున్నా." ఒక ఫొటోలో ఎల్‌సీ ఛైర్మన్ ఉపన్యాసం ఇస్తున్నాడు, ఆయన చెవి పక్కన గోధుమరంగులో ఏదో ఉంది.

"ఇది నా మోచెయ్యి."

"ఎలా తెలుసు?" అన్నాడు సెమ్వంగ.

"నా మోచెయ్యి నాకు తెలీదా? నీ మోచెయ్యి చూపిస్తే నాదని అంటానా?"

మధ్యాహ్నం చపాతీలు తెప్పించాను. అప్పటికి ఒక వీపు, రెండు మడమలు, ఒక మోచెయ్యి, పళ్ళెం పట్టుకున్న ఒక చెయ్యి దొరికాయి. ఇవన్నీ కలిపినా మనిషి కాదు. రెండు వేల మూడొందల నలభై ఆరూ అయిపోయాయనుకున్నాం, అప్పుడు అక్కకి 'వద్దు' అనే ఫోల్డర్ గుర్తొచ్చింది. అంటే చూసిన క్షణంలోనే పారేసినవి. సాధారణంగా అది ఎవరూ తెరవరు.

అందులో ఉంది.

పరిచయం రోజున మధ్యాహ్నం పెద్ద వాన పడింది. టెంటు ఒక పక్క ఒరిగిపోయింది, జనం తలోవైపు పరిగెత్తారు. పెళ్ళికొడుకు మడమల దాకా దిగే తెల్ల కాంజు మీద కోటుతో, దగ్గర్లో కనపడ్డ రేకుల వంటపాకలోకి దూరాడు. సెమ్వంగ అలవాటు కొద్దీ ఆయన వెనకే దూరి నొక్కాడు. వంటపాకలో అప్పటికే రెస్టితూత ఉంది. ఫొటోలో ఎడమ పక్క లుబ్వామ, తడిసి ముద్దయి, కళ్ళు పెద్దవి చేసుకుని, గడప దాటి ఒక అడుగు లోపల. కుడి పక్క రెస్టితూత, పొయ్యి ముందు, పొగలూ ఆవిర్లూ, అరిటాకు పొట్లాల్లో ఉడుకుతున్న కోళ్ళు. రెండు చేతులూ గాల్లోకి ఎత్తింది. నోరు పెద్దగా తెరిచి ఉంది. ఆవిరి తడికి మొహం తళతళా మెరుస్తోంది. పాదాలకి చెప్పుల్లేవు, మడమ దాకా బూడిద.

అక్క చాలాసేపు చూసింది. "పాదాలు బావున్నాయి" అంది.

రెస్టితూత కుర్చీ వెనక్కి జరుపుకుంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, అల్లుడున్నాడు."

"అమ్మా, అది తెర" అన్నాడు సెమ్వంగ.

"తెలుసు నాయనా. నువ్వు కాస్త తిప్పి పెట్టు."

కంప్యూటర్ కొంచెం గోడ వైపు తిప్పాం.

"ఆ రోజు తగిలాడా?" అని అడిగింది అక్క.

"లేదు, లేదు. జానెడు ఎడం ఉంది."

నేను పెద్దది చేసి చూశాను. ఉంది. ఆయన భుజానికీ ఆవిడ చేతికీ మధ్యన జానెడు ఖాళీ, అందులోంచి ఆవిరి పోతోంది. కత్తెర పట్టేంత సందు. "రెండు ముక్కలు చేసేద్దాం. ఈవిడ ముక్క మాత్రమే వేద్దాం" అన్నాను.

రెస్టితూత కొంగు చాటునించే అంది, "నన్ను ఒక్కదాన్నే పొయ్యి దగ్గర పెడితే చూసినవాళ్ళు వంటమనిషి అనుకుంటారు. పెళ్ళివాళ్ళు బాగా వండించారు అంటారు."

అదీ నిజమే. పక్కన తడిసిన పెళ్ళికొడుకు ఉంటేనే ఆవిడ పెళ్ళిలో ఉన్నట్టు. పక్కన పెళ్ళికొడుకు ఉంటే ఆవిడ ఉండకూడదు. సెమ్వంగ టీ తాగొస్తానని కిందకెళ్ళి గంట దాకా రాలేదు.

"రెండు ముక్కలూ వేద్దాం" అంది అక్క చివరికి. "ఎడమ పేజీలో అతను, కుడి పేజీలో మీరు. మధ్యలో మడత. ఒకే వంటపాక అని తెలుస్తుంది, పక్కపక్కన మాత్రం ఉండరు."

రెస్టితూత ఒప్పుకుంది గానీ, పెళ్ళికూతురి సంగతుల్లో చివరి మాట మేనత్తది. లియోకేడియా సరే అంటేనే సరే. ఆ రోజు పేజీలు మళ్ళీ కట్టి, ప్రింట్ తీసి అట్టల మీద అతికించి పెట్టాను.

గురువారం ఇద్దరూ వచ్చారు. లియోకేడియా ఫొటోల్లో ఎలా ఉందో అలాగే ఉంది, కాకపోతే శబ్దం కూడా ఉంది. పలకరింపులు అయ్యీ కాకముందే ఆల్బమ్ ఒళ్ళోకి లాక్కుని తనని లెక్కపెట్టుకుంది. ముప్ఫై ఒకటి.

"ఇంకో నాలుగుండాలే. పరిచయం రోజున అబ్బాయిల గుంపులోంచి పెళ్ళికొడుకుని వెతికి పట్టుకున్నప్పుడు నేను డాన్స్ చేశా. అది ఏదీ?"

"నోరు తెరిచారు" అంది అక్క.

"నోరు మూసుకుని డాన్స్ ఎవరు చేస్తారమ్మా?"

రెస్టితూత పక్క నుంచి మెల్లిగా అంది, "వదినా, నీ కింద తల్లి అని రాసుంటే నువ్వు చూసి కూడా ఏం అనలేదు."

"నేను రాయించానా? వాళ్ళే రాశారు. అయినా నువ్వు ఎక్కడా కనపడవాయె. పెళ్ళన్నాక ఎవరో ఒకరు తల్లి ఉండాలిగా."

"నేను అరిటితోటలో ఉన్నా."

"ఉన్నావులే. నీకు అరిటాకు పొట్లంలో భోజనం పంపింది నేనే. చూపించవమ్మా, ఏదో ఫొటో అన్నారు."

ఆ పేజీలు తెరిచాం. ఎడమ పక్క లుబ్వామ, కుడి పక్క రెస్టితూత. లియోకేడియా ఒకసారి ఇటు చూసింది, ఒకసారి అటు చూసింది. ఆల్బమ్‌ని నెమ్మదిగా మూసింది. మూసిన ఆల్బమ్ మీద రెండు చేతులూ పెట్టుకుని మా వైపు చూసింది.

"ఇప్పుడు లోపల వీళ్ళిద్దరూ ఏం చేస్తున్నారు?"

మేం నలుగురం మూసిన ఆల్బమ్ వైపు చూశాం.

"మూతికి మూతి ఆనించి పడుకోబెట్టావు కదమ్మా" అంది లియోకేడియా. "అత్తనీ అల్లుడినీ. పైన అట్ట వేసి నొక్కి మరీ."

రెస్టితూత ఆల్బమ్ లాక్కుని టక్కున తెరిచేసింది, లోపల ఎవరికో ఊపిరాడనట్టు.

"కాగితం కదమ్మా అది" అన్నాడు సెమ్వంగ.

"కాగితమా? నీ ఫొటో కింద పడేసి తొక్కనా మరి?"

ఆయన తన పాదాలు వెనక్కి తీసుకున్నాడు.

అక్కడి నుంచి సాయంత్రం దాకా నేను పేజీలు జరుపుతూనే ఉన్నాను. రెస్టితూతని ఎక్కడ పెట్టినా ఎదురు పేజీలో లుబ్వామ వస్తున్నాడు. తప్పు ఆయనది కాదు, నూట ఇరవై ఫొటోల్లో ఎనభై ఎనిమిదింట్లో ఉన్నాడు. వాళ్ళిద్దర్నీ చెరో చివర పెడితే ఒకే వంటపాక అని తెలియట్లేదు, మళ్ళీ వంటమనిషి అయిపోతోంది. లియోకేడియా ప్రతిసారీ ఆల్బమ్ మూసి, మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు?" అంటోంది. రెస్టితూత ప్రతిసారీ తెరుస్తోంది. ఎవరి పని వాళ్ళు చేస్తున్నారు.

"పోనీలే వదినా" అంది రెస్టితూత చివరికి. "మోచెయ్యి ఫొటో వెయ్యమను. పిల్లలకి ఫ్లావియా చెప్పుకుంటుంది, ఛైర్మన్ చెవి పక్కన ఉన్నది మీ అమ్మమ్మ అని."

వ్యంగ్యంగా అనలేదు. నిజంగానే అంది. అందుకే లియోకేడియా కూడా దెప్పడం ఆపేసింది.

నాకిబూలే అక్క అప్పటిదాకా ఫొటోలనే చూస్తోంది. ఇప్పుడు వాటిని వదిలేసి ఆల్బమ్ పేజీని రెండు వేళ్ళతో పట్టుకుంది. మా ఆల్బమ్‌లో పేజీ అంటే పల్చటి కాగితం కాదు, అట్ట. బిస్కెట్టంత మందం. దాన్ని నిలబెట్టి, ముందు వైపు వేలితో తట్టింది. "ఇటు అతను." తిప్పి వెనక వైపు తట్టింది. "అటు ఈవిడ."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. నాకు అందరికన్నా చివర్లో అర్థమైంది, డిగ్రీ ఉంది కాబట్టి.

ఒకే ఫొటో, ఒకే అట్టకి రెండు వైపులా. ముందు వైపు తడిసిన పెళ్ళికొడుకు వంటపాకలోకి అడుగు పెడతాడు, ఆవిరి పేజీ అంచు దాకా వెళ్తుంది. పేజీ తిప్పితే అదే ఆవిరి ఆ అంచు నుంచే వస్తుంది, అందులో రెస్టితూత. ఎంత తెరిచినా వాళ్ళిద్దరూ ఒకర్నొకరు చూడరు. ఎంత గట్టిగా మూసినా ఒకరికొకరు తగలరు. మధ్యలో అట్ట.

అప్పటికప్పుడు ప్రింట్ తీసి అతికించాను. లియోకేడియా మూసింది. తెరిచింది. నిలబెట్టి చూసింది. తలకిందులుగా పట్టుకుని ఒకసారి దులిపింది కూడా.

"గోడ" అంది. "ఆ రోజే వంటపాకకి ఈ గోడ ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు."

ఇక మిగిలింది రెస్టితూత ఎదురు పేజీలో ఎవరన్నది. లుబ్వామ లేని ముప్ఫై రెండింట్లో ఒకటి అక్క ముందే ఏరి పెట్టుకుంది. ఫ్లావియా పొద్దున తయారవుతూ, ఇంకా నగలు పెట్టుకోకుండా, పైకి చూస్తున్న ఫొటో. మొదట్లో అందులో లియోకేడియా కూడా ఉంది, నడుము పట్టీ బిగిస్తూ. అక్క కోసేసింది.

"నా చెయ్యి మాత్రం మిగిల్చారే" అంది లియోకేడియా.

"పట్టీ ఊడిపోతుంది కదా" అంది అక్క.

ఆవిడ గొణిగింది గానీ ఒప్పుకుంది. అన్ని చోట్లా మేనత్త అని మార్చుతుంటే తనే పక్కన కూర్చుని లెక్క సరిచూసింది. రెస్టితూత ఫొటో కింద పేరు నన్ను కొట్టనివ్వలేదు అక్క. తనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. 'రెస్టితూత నాంటేజా, పెళ్ళికూతురి తల్లి.' పావుగంట పట్టింది.

శనివారం ఫైనల్ ఆల్బమ్ వచ్చింది. రెస్టితూత మళ్ళీ రెండు టాక్సీలు మారి వచ్చింది. లుబ్వామ ఉన్న వైపు నేనే తిప్పేసి, ఆవిడ వైపు తెరిచి పెట్టాను. చాలాసేపు చూసుకుంది.

"ఇంత నోరు తెరిచానా?"

"నవ్వుతున్నట్టుంది" అన్నాను.

"నవ్వడమా! 'రావద్దు నాయనా, అక్కడే ఆగు' అని అరిచా. గొంతు రెండ్రోజులు రాలేదు."

"ఫొటోలో వినపడదు" అంది నాకిబూలే అక్క.

రెస్టితూత ఎదురు పేజీలో కూతుర్ని చూసింది. మళ్ళీ తనని చూసుకుంది. ఆల్బమ్‌ని తనే మూసింది, రెండు చేతులతో, నెమ్మదిగా, తన పేజీ సరిగ్గా కూతురి పేజీ మీద పడేలా. కాసేపు అలాగే పట్టుకుని, గుడ్డలో చుట్టి అక్క చేతికిచ్చింది. ఫ్లావియా వచ్చి తీసుకెళ్తుందని చెప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని వీడ్కోలు చెప్పింది. అది మూడు నిమిషాల్లో అయిపోయింది.

ఆదివారం విందుకి మమ్మల్ని పిలిచారు. అక్క వెళ్ళలేదు, సెమ్వంగకి ఇంకో పెళ్ళి ఉంది, నేనొక్కదాన్నే ఎందుకని ఊరుకున్నాను. సోమవారం పొద్దున్నే ఫ్లావియా ఫోన్ చేసింది. అక్క ఫోన్‌ని టేబుల్ మీద పెట్టి స్పీకర్ వేసింది.

"ఎలా జరిగింది?"

"బాగా జరిగిందక్కా. మావయ్యగారు ఆ పేజీ దగ్గరికొచ్చి, ఇటు తిప్పారు, అటు తిప్పారు, మళ్ళీ ఇటు తిప్పారు. వాళ్ళబ్బాయి ఎవర్ని చూసి అంత భయపడ్డాడో తెలుసుకుని చాలాసేపు నవ్వారు. తరవాత నిలబడి, మా అమ్మకి థాంక్స్ చెప్పారు. అమ్మ లేదుగా, ఫొటోకే చెప్పారు."

"ఊఁ."

"ఒకటే ఇబ్బందిగా ఉందక్కా."

అక్క నా వైపు చూసింది. నేను పేజీ నంబర్లు మనసులో ఒకసారి చూసుకున్నాను.

"ఆ పేజీ తిప్పాలంటే బొటనవేలు అట్ట వెనక్కి వెళ్ళి సరిగ్గా అమ్మ మీద పడుతోంది. అందుకని మా ఆయన తిప్పట్లేదు. ఎవరికైనా ఆల్బమ్ చూపిస్తూ అక్కడిదాకా వచ్చి, ఆగిపోయి, నన్ను పిలుస్తున్నారు. నేను వంటగదిలోంచి చేతులు తుడుచుకుని వచ్చి తిప్పాలి. నిన్నటి నుంచి పదకొండు సార్లు."

"పిలిచినప్పుడు ఏమంటున్నాడు?"

"'ఫ్లావియా, మీ అమ్మగారొచ్చారు' అంటున్నారు."

"ఊఁ" అంది అక్క. "ఇబ్బందేం లేదులే. వచ్చి తిప్పు."

ఫోన్ పెట్టేసింది. అప్పుడే సెమ్వంగ ఆదివారం పెళ్ళి ఫొటోలు తెచ్చి పెట్టాడు. రెండు వేల తొమ్మిదొందలు. అక్క కుర్చీ ముందుకు జరుపుకుంది గానీ ఫోల్డర్ తెరవలేదు.

"ముందు తల్లిని చూపించు" అంది.

సెమ్వంగ సంచీ భుజానే ఉంచుకుని, వంగి, వెతకడం మొదలెట్టాడు.